దేశమంతా లాక్‌డౌనా, ఎక్కడికక్కడ కర్ఫ్యూనా, జనానికే వదిలెయ్యడమా: ఏది మేలు?

కరోనా కబుర్లు మొదలైతే చాలు, నలుగురు కూర్చున్న చోట ఇప్పటికీ రెండు జట్లు తయారవుతాయి. "ఆ రోజు లాక్‌డౌన్ పెట్టబట్టే బతికి బట్టకట్టాం" అంటుంది ఒక జట్టు. "లక్షల్లో పోతారని భయపెట్టారు, ఎక్కడ పోయారు? పనుల్లేకుండా చేసి జనాన్ని రోడ్డున పడేశారు" అంటుంది ఇంకో జట్టు. గమనిస్తే రెండు జట్లూ వాడుతున్నవి అవే అంకెలు. అన్ని లక్షల మంది పోవాల్సింది, పోలేదు కాబట్టి లాక్‌డౌన్ గెలిచిందని మొదటివాళ్ళ లెక్క. పోలేదు కాబట్టి అంచనా అబద్ధం, లాక్‌డౌన్ దండగ అని రెండోవాళ్ళ లెక్క.

ఈ దారిలో ఎంత వాదించినా తేలేదేమీ ఉండదు. "ఏమీ చెయ్యకపోతే" అనే షరతు మీద వేసిన అంచనాను, ఏదో ఒకటి చేసేశాక సరిచూడలేం. అందుకని వేరేలా పోల్చి చూద్దాం. మన ముందు మూడు పద్ధతులు ఉన్నాయి. 2020 మార్చిలో దేశమంతటికీ ఒకేసారి పెట్టిన లాక్‌డౌన్ ఒకటి. 2021లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎవరికి వారు పెట్టుకున్న కర్ఫ్యూలు, సడలింపు గంటలు రెండోది. ఆంక్షలు తక్కువగా పెట్టి, ఎక్కువగా సలహాలతోనే నెట్టుకొచ్చిన స్వీడన్ మూడోది. ప్రతి దాని దగ్గరా నేను అడిగేవి ఇవే: నిర్ణయం తీసుకున్న రోజున చేతిలో ఏ సమాచారం ఉంది? నష్టం ఎవరి మీద పడింది? పొరపాటని తేలితే వెనక్కి తగ్గడం ఎంత తేలిక?

ముందు అంకెల సంగతి చూద్దాం. గొడవంతా అక్కడే ఉంది కదా.

భయపెట్టిన అంకెలు, ధైర్యం చెప్పిన అంకెలు

2020 మార్చి 16న లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో నీల్ ఫెర్గూసన్ బృందం ఒక నివేదిక విడుదల చేసింది. ప్రభుత్వాలు ఏమీ చెయ్యకుండా, జనం కూడా అలవాట్లు మార్చుకోకుండా ఉంటే బ్రిటన్‌లో 5.1 లక్షల మంది, అమెరికాలో 22 లక్షల మంది చనిపోతారని అందులో ఉంది. రోగుల్ని, వాళ్ళ ఇంట్లోవాళ్ళని, వృద్ధుల్ని మాత్రమే కట్టడి చేస్తే మరణాలు సగానికి తగ్గుతాయి కానీ ఆసుపత్రులు తట్టుకోలేవని కూడా రాశారు. సరిగ్గా వారానికి, మార్చి 23న, బ్రిటన్ లాక్‌డౌన్ ప్రకటించింది.

ఆ తర్వాత చాలా రచ్చ జరిగింది. అది పదమూడేళ్ళ నాటి పాత ప్రోగ్రాం అనీ, అందులో అన్నీ తప్పులేననీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వెక్కిరించారు. కేంబ్రిడ్జికి చెందిన స్టీఫెన్ ఎగ్లెన్ దాన్ని మళ్ళీ నడిపి చూస్తే నివేదికలోని ఫలితాలే వచ్చాయి. అంటే ప్రోగ్రాం చెప్పిన లెక్క చెప్పినట్టు చేస్తోందన్నమాట. లోకం ఆ లెక్క ప్రకారం నడుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఈలోగా ఫెర్గూసనే లాక్‌డౌన్ నిబంధన మీరి దొరికిపోయి, మే 5న ప్రభుత్వ సలహా బృందం నుంచి తప్పుకున్నాడు. ఆయన అంచనాకు ఆయనే భయపడలేదని విమర్శకులకు మంచి సరుకు దొరికింది. అదే ఫెర్గూసన్ జూన్‌లో పార్లమెంటు కమిటీ ముందు, లాక్‌డౌన్ ఒక్క వారం ముందు పెట్టి ఉంటే మరణాలు కనీసం సగం తగ్గేవని చెప్పాడు.

భయపెట్టినవాళ్ళే తప్పారు అనుకుంటే మాత్రం పొరపాటు. రసాయన శాస్త్రంలో 2013 నోబెల్ అందుకున్న మైకేల్ లెవిట్ 2020 జూలైలో, అమెరికాలో కరోనా ఇంకో నాలుగు వారాల్లో ముగిసిపోతుందనీ, మొత్తం మరణాలు 1.7 లక్షలు దాటవనీ చెప్పాడు. నాలుగు వారాలు నిండకముందే ఆ గీత దాటిపోయింది. ఏడాది చివరికి ఆ సంఖ్య రెట్టింపయింది.

మన దగ్గరా రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. జూలై చివరికి దేశంలో 30 నుంచి 50 కోట్ల మందికి సోకవచ్చని ఆరోగ్య ఆర్థికవేత్త రమణన్ లక్ష్మీనారాయణ్ 2020 మార్చిలో హెచ్చరించారు. అలా జరగలేదు. ఏప్రిల్ 24న నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె.పాల్ చూపించిన గ్రాఫులో మే 16 నాటికి కొత్త కేసులు సున్నాకి దిగిపోయినట్టు గీత ఉంది. ఆ మే 16న దేశంలో కొత్త కేసులు వేలల్లోనే ఉన్నాయి. సున్నా అవుతుందని మేం అనలేదు, అపార్థం కలిగి ఉంటే క్షమించండి అని పాల్ తర్వాత వివరణ ఇచ్చారు. అన్నా అనకపోయినా గ్రాఫు మాత్రం అందరూ చూశారు.

వీటన్నిటికన్నా మనం తీరిగ్గా చూడాల్సింది వ్యాధి ఎలా పాకుతుందో లెక్కగట్టడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వేసిన 'సూపర్ మోడల్' కమిటీ. దానికి అధ్యక్షుడు మనవాడే, గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్, అప్పటికి ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్. కాన్పూర్ ఐఐటీ నుంచి మణీంద్ర అగ్రవాల్, సైన్యం నుంచి లెఫ్టినెంట్ జనరల్ మాధురీ కనిట్కర్ కూడా ఉన్నారు. 2020 అక్టోబరులో వీళ్ళు చెప్పింది ఇది: సెప్టెంబరులోనే శిఖరం దాటేశాం, జాగ్రత్తలు కొనసాగిస్తే ఫిబ్రవరి చివరికి మహమ్మారి దాదాపు అదుపులోకి వస్తుంది, జనాభాలో ఇప్పటికే దాదాపు 30 శాతం మందికి సోకి ఉంటుంది.

ఫిబ్రవరి వచ్చింది. రోజూ వచ్చే కేసులు నిజంగానే 10 వేల దరిదాపులకి పడిపోయాయి. అంచనా నిజమైంది అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చిక్కంతా ఆ ఊపిరి పీల్చుకోవడం దగ్గరే ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతా రక్తపరీక్షలు చేసిన సర్వేలో యాంటీబాడీలు కనిపించింది 21.5 శాతం మందిలోనే. కమిటీ అక్టోబరు నాటికే 30 శాతం అంది, ఫిబ్రవరికి సగం జనాభా దాకా వెళ్ళొచ్చని కూడా అగ్రవాల్ అన్నారు. సర్వే మాత్రం మూడు నెలల తర్వాత కూడా ఐదో వంతు దగ్గరే ఉంది. అంటే వైరస్ ఇంకా తాకని జనం మోడల్ అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. ఆ తేడా పట్టుకుని గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ.

2021 ఏప్రిల్ 2న ఆ బృందం అధికారులకు చెప్పింది, రెండో వేవ్ ఏప్రిల్ మూడో వారంలో రోజుకు లక్ష కేసుల దగ్గర శిఖరానికి చేరుతుందని. చేరింది మే మొదటి వారం దాటుతుండగా, 4.14 లక్షల దగ్గర. ఈ అంచనా తప్పిందని ఆ విభాగమే తర్వాత ప్రకటనలో ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడం మన దేశంలో అరుదు, అందుకు మెచ్చుకోవాలి.

వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. 'సూత్ర' అనే ఆ మోడల్ రోజువారీ కేసుల నుంచే వైరస్ వేగాన్ని లెక్కగడుతుంది. డెల్టా లాంటి కొత్త రకం వచ్చినా, జనం ఒక్కసారిగా పెళ్ళిళ్ళకీ సభలకీ బయల్దేరినా, ఆ మార్పు కేసుల్లో కనబడ్డాకే దానికి తెలుస్తుంది. తెలిశాక వేసే గీత బ్రహ్మాండంగా సరిపోతుంది. ముందు చెప్పమంటేనే ఇబ్బంది. కోస్తావాళ్ళకి తుఫాను హెచ్చరికలు అలవాటే. మనం పునరావాస కేంద్రానికి వెళ్ళినా ఇంట్లో కూర్చున్నా తుఫాను దారి మారదు. అంటువ్యాధి అలా కాదు, హెచ్చరిక విని జనం కదిలితే వ్యాధి దారే మారిపోతుంది.

మరి అంచనాలు పూర్తిగా పనికిరానివా? కాదు. అమెరికాలో పదుల సంఖ్యలో బృందాల అంచనాలు వారం వారం ఒకచోట చేర్చి, తర్వాత నిజంగా ఏం జరిగిందో పక్కన పెట్టి సరిచూశారు. వారం తర్వాత ఏమవుతుందో చెప్పినప్పటి తప్పుతో పోలిస్తే, ఇరవై వారాల తర్వాతది చెప్పినప్పటి తప్పు మూడు నుంచి ఐదు రెట్లు ఉంది. ఏ ఒక్క బృందాన్నో నమ్మడం కన్నా అందరివీ కలిపి తీసిన అంచనా నికరంగా నిలబడింది. కాబట్టి రెండు మూడు వారాల అంచనా చేతిలో పెట్టుకుని ఆసుపత్రి పడకలు సిద్ధం చేసుకోవచ్చు. ఆరు నెలల అంచనా చేతిలో పెట్టుకుని దేశాన్ని మూయడమూ తప్పే, విజయం ప్రకటించడమూ తప్పే. ఈ లెక్క గుర్తుపెట్టుకుని మూడు పద్ధతుల్నీ చూడండి.

నాలుగు గంటల గడువుతో దేశమంతా

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనబడ్డారు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు ఎవరూ ఇల్లు కదలకూడదన్నారు. అప్పటికి దేశంలో బయటపడ్డ కేసులు 500 పైచిలుకు, మరణాలు పది దరిదాపుల్లో. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు మార్చి 22 సాయంత్రమే నెలాఖరుదాకా లాక్‌డౌన్ ప్రకటించేశాయి కాబట్టి మనకి అప్పటికే అలవాటు మొదలైంది.

ఆ రోజుకి చేతిలో ఉన్న సమాచారం చాలా తక్కువ. పరీక్షలు వేలల్లోనే జరిగాయి, వైరస్ ఎక్కడిదాకా పాకిందో ఎవరికీ తెలియదు. డాక్టర్లు వేసుకునే పీపీఈ సూట్లు దేశంలో దాదాపు తయారే అయ్యేవి కావు. అటువంటి చీకట్లో కొన్నాళ్ళు అన్నీ ఆపడం తప్పని నేను అనను. ఆ గడువు వృథా కూడా కాలేదు. మే నాటికి రోజుకు రెండు లక్షల సూట్లు తయారయ్యే స్థితి వచ్చింది. గాంధీ ఆసుపత్రి పూర్తిగా కోవిడ్ ఆసుపత్రి అయింది. మే, జూన్‌లలో చేసిన మొదటి ఐసీఎంఆర్ సర్వేలో వైరస్ సోకింది పెద్దల్లో 0.73 శాతం మందికే. వ్యాప్తి వాయిదా పడిందన్నది వాస్తవం.

ఎన్ని ప్రాణాలు నిలిచాయంటే మాత్రం ఎవరి అంకె వారిది. 37 వేల నుంచి 78 వేల మరణాలు తప్పాయని ఆరోగ్య మంత్రి పార్లమెంటుకు చెప్పారు. లాక్‌డౌన్ లేకపోతే 26 లక్షల మంది పోయేవారని సూపర్ మోడల్ కమిటీ అంది. రెండూ లెక్కేసిన కాలం వేరు, నిజమే. అయినా ఒకే లాక్‌డౌన్‌కి, ప్రభుత్వం వైపు నుంచే, ముప్పై రెట్లకి పైగా తేడాతో రెండు సమాధానాలు! అసలు పోయినవాళ్ళ లెక్కే తేలలేదు కదా. 2020, 2021 రెండేళ్ళలో భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలు (మామూలుగా జరిగేవాటికన్నా ఎక్కువగా జరిగినవి) జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే, మన అధికారిక లెక్క 4.8 లక్షలు. ఆ పద్ధతే తప్పని కేంద్రం అభ్యంతరం చెప్పింది. జరిగినదాని లెక్కలోనే ఇంత తేడా ఉంటే జరగనిదాని లెక్క పట్టుకుని కొట్టుకోవడం దేనికి?

నష్టం ఎవరిమీద పడిందో చెప్పడానికి మాత్రం మోడల్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారని పోలీసుల దగ్గర అనుమతి పత్రాలు తీసుకుని బయల్దేరిన పిల్లలు మార్చి 25న జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. ఒక రాష్ట్రం పొమ్మంది, ఇంకో రాష్ట్రం రావద్దంది. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల్లోనే నెలకి పైగా ఉండిపోయి, ఏప్రిల్ చివర్లో బస్సులెక్కారు. ములుగు జిల్లాకి మిరప పనికి వచ్చిన బీజాపూర్ అమ్మాయి, పన్నెండేళ్ళ పిల్ల, మూడు రోజులు అడవిదారిన నడిచి సొంతూరు ఇంకొన్ని కిలోమీటర్లు ఉందనగా చనిపోయింది. వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు మే 1న మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకి, 1,200 మందితో బయల్దేరింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి ఐదు వారాలు దాటింది.

తెల్లకార్డుకి తెలంగాణలో 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి రూపాయలు ఇచ్చారు. కార్డు సొంతూళ్ళో ఉండి మనిషి పరాయి ఊళ్ళో ఉంటే ఆ సాయం చేతికి రావడమే కష్టం. తెలంగాణ వలస కూలీలకి కూడా బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది, అది మంచి పని. ఆ త్రైమాసికంలో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని మొదటి లెక్క. ఇంకో అంకె ఎవరికీ పట్టలేదు: 2019లో 24 లక్షల టీబీ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే. టీబీ తగ్గిపోలేదు, రోగులు ఆసుపత్రిదాకా రాలేదు.

వెనక్కి తగ్గడం సంగతి చూస్తే ఈ పద్ధతి అన్నిటికన్నా అధ్వానం. 21 రోజులన్నది నాలుగు విడతలై 68 రోజులు సాగింది. దేశమంతటికీ ఒకే తాళం కాబట్టి ఎక్కడో ముంబయిలో కేసులు పెరిగితే ఒక్క కేసు లేని జిల్లా కూడా మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది. జోన్ల వారీ సడలింపు ఊపందుకునేసరికి మే వచ్చింది. మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు తెరిచారు, రేటు పెంచితే తాగేవాళ్ళు తగ్గుతారన్నారు. ఆ రోజు క్యూలు చూసినవాళ్ళెవరూ భౌతిక దూరం గురించి మళ్ళీ మాట్లాడలేదు. చివరికి, మొత్తం కేసులు 500 ఉన్నప్పుడు మూసి, రోజుకు 8 వేలు వస్తున్నప్పుడు తెరిచాం. మార్చిలోనే నాలుగు రోజులు గడువిచ్చి ఉంటే కూలీలు వైరస్ దాదాపు లేకుండా ఇళ్ళకి చేరేవారు. మేలో, నగరాల్లో వ్యాధి ముదిరాక పంపించాం. మూయడంకన్నా ఆ నాలుగు గంటల గడువే పెద్ద తప్పని నా అభిప్రాయం.

ఎక్కడికక్కడ, గంటల లెక్కన

2021లో కేంద్రం తాళంచెవి రాష్ట్రాలకి ఇచ్చేసింది. లాక్‌డౌన్‌ని ఆఖరి ఆయుధంగానే చూడమని ఏప్రిల్ 20న ప్రధాని చెప్పారు. అదే రోజు తెలంగాణ రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ పెట్టింది, అదీ హైకోర్టు 48 గంటలు గడువిచ్చి గద్దించాక. మే మొదటి వారంలో లాక్‌డౌన్ పెట్టేది లేదన్న ప్రభుత్వమే మే 12 నుంచి పెట్టింది, ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. ఆంధ్రప్రదేశ్ మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ అంది.

ఇక్కడ రెండు రాష్ట్రాల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో కేసులు ఎక్కువగా వచ్చిన రోజు మే 16, ఆ రోజు 24,171. కర్ఫ్యూ మొదలైన పదకొండు రోజులకి. సోకడానికీ పరీక్షలో తేలడానికీ పట్టే వ్యవధి చూస్తే కర్ఫ్యూ కొంత పని చేసిందనుకోవచ్చు. తెలంగాణలో అధికారిక లెక్క ప్రకారం ఏప్రిల్ చివరి వారంలోనే రోజుకు 10 వేలు దాటి, లాక్‌డౌన్ పెట్టేనాటికి 5 వేల లోపుకి దిగిపోయింది. ఆ మధ్య పరీక్షలు కూడా తగ్గించేశారు కాబట్టి ఆ దిగడాన్ని పూర్తిగా నమ్మలేం. అయినా అక్కడ లాక్‌డౌన్ శిఖరం దాటాకే వచ్చినట్టుంది. ఆంక్ష కన్నా ముందు భయమే జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో మంచం దొరక్క తిరుగుతున్న చుట్టాన్ని చూశాక ఎవరికైనా జీవో అవసరం ఉంటుందా?

రెండు చోట్లా ఆలస్యమే. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై 11 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. కర్ఫ్యూ మొదలై అప్పటికి ఐదు రోజులు, దాని ఫలితం ఆసుపత్రి దాకా చేరడానికి ఇంకా పది రోజులు పడుతుంది. హెచ్చరిక లేదా అంటే, ఉంది. మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో ఫిబ్రవరిలోనే లాక్‌డౌన్ పెట్టారు. ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలకి ఆనుకుని ఉన్న రాష్ట్రం అది. ఏ మోడలూ లేకుండా పక్క రాష్ట్రం పేపరు చదివితే సరిపోయేది. ఆ రెండు నెలల్లో మనం ఏం చేశాం? ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్‌లో పరిషత్ ఎన్నికలు, 17న నాగార్జునసాగర్, తిరుపతి ఉప ఎన్నికలు. సాగర్ ప్రచారంలో హాలియా సభకి వెళ్ళిన తెలంగాణ ముఖ్యమంత్రికి ఐదు రోజులకి పాజిటివ్ వచ్చింది. రాత్రి కర్ఫ్యూ నడుస్తుండగానే ఏప్రిల్ 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకి పోలింగ్ జరిపారు.

ఈ పద్ధతిలో ఇంకో లోపం, సరిహద్దు. కర్నూలు వైపు నుంచి హైదరాబాద్‌కి వస్తున్న అంబులెన్సుల్ని పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు ఆపేశారు. మళ్ళీ హైకోర్టే కలగజేసుకోవాల్సి వచ్చింది. నాలుగు గంటల సడలింపు కూడా విచిత్రమైన ఆలోచన. రోజంతా పలచగా వచ్చే జనాన్ని ఉదయం పదిలోపు మార్కెట్లో కుక్కినట్టయింది.

అయినా మొదటిదానితో పోలిస్తే ఇది మనుషులకి తక్కువ కీడు చేసింది. వడ్ల కొనుగోలు ఆగలేదు. పొద్దున పూటైనా కూలి దొరికింది. వేల మంది హైవే మీద నడిచే పరిస్థితి మళ్ళీ రాలేదు. దించుకోవడం కూడా తేలికైంది. తెలంగాణలో సడలింపు పది గంటల నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి సాయంత్రానికి జరిగి, జూన్ 20కి లాక్‌డౌన్ మొత్తం ఎత్తేశారు. ఆరు వారాల లోపే.

స్వీడన్ దారి

లాక్‌డౌన్ దండగ అనేవాళ్ళందరి నోటా వచ్చే పేరు స్వీడన్. అంటువ్యాధుల అధికారి ఆండర్స్ టెగ్నెల్ సలహా మీద వాళ్ళు చిన్నపిల్లల బడులు మూయలేదు, హోటళ్ళు మూయలేదు. యాభై మందికి మించి గుమిగూడటాన్ని నిషేధించారు, పై క్లాసుల్ని ఆన్‌లైన్‌కి మార్చారు. మిగతాది జనం విజ్ఞతకి వదిలేశారు.

అంచనాల కథలో స్వీడన్‌ది ముఖ్య పాత్ర. ఇంపీరియల్ తరహా మోడల్‌నే తమ దేశానికి పెట్టి చూసిన అక్కడి పరిశోధకులు జూలై 1 నాటికి 96 వేల మంది చనిపోవచ్చని 2020 ఏప్రిల్‌లో లెక్కగట్టారు. చనిపోయింది 5,500 లోపే. పదిహేడు రెట్లకి పైగా తప్పు. కారణం పెద్ద రహస్యమేం కాదు. మోడల్‌లో వైరస్ కదులుతుంది, మనుషులు కదలరు. నిజంలో మాత్రం జనం వాళ్ళంతట వాళ్ళే తగ్గిపోయారు. అమెరికాలో ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు ఫోన్ల సమాచారంతో ఇదే చూపించారు. దుకాణాలకి వెళ్ళేవాళ్ళు 60 శాతం తగ్గితే, ఆ 60లో ప్రభుత్వ ఆంక్షల వల్ల తగ్గింది 7 మాత్రమే, మిగతాది జనం భయం.

ఇంతవరకు విని స్వీడనే మేలు అనుకోకండి. 2020 చివరికి అక్కడ మరణాలు 9 వేల దరిదాపులకి చేరాయి. దాదాపు సగం జనాభా ఉన్న పక్కదేశం నార్వేలో 500 లోపే. స్వీడన్‌లో మొదట పోయినవాళ్ళలో వృద్ధాశ్రమాల వాళ్ళే ఎక్కువ. మనం విఫలమయ్యామని ఆ డిసెంబరులో వాళ్ళ రాజే అన్నాడు. కానీ మూడేళ్ళ లెక్క తీస్తే యూరప్‌లో అదనపు మరణాలు బాగా తక్కువున్న దేశాల్లో స్వీడన్ ఒకటి. సలహాల దారి మౌలికంగా సరైనదే, కానీ మొదట్లో ఇంకా గట్టిగా, ఇంకా ముందుగా కదలాల్సిందని 2022లో వాళ్ళ విచారణ కమిషన్ తేల్చింది.

అది మనకి పనికొస్తుందా? ఇంట్లో ఉండమని సలహా ఇస్తే ఉండగలగాలి. స్వీడన్‌లో ఒంటరిగా ఉండే ఇళ్ళు చాలా ఎక్కువ, జబ్బు సెలవుకి డబ్బు వస్తుంది, సెలవు మొదటి రోజుకి ఉండే జీతం కోత కూడా ఆ వసంతంలో ఎత్తేశారు. ఒకే గదిలో ఐదుగురు ఉండే చోట, రోజు కూలి మీద బతికేవాళ్ళకి విజ్ఞతతో మెలగమని చెప్పడం తేలిక. పొయ్యి వెలగాలి కదా. ఆ దేశం నుంచి తెచ్చుకోవాల్సింది ఒకటుంది, చిన్నపిల్లల బడి ఆఖరున మూయడం. మనం ముందు మూసింది అదే, చివర తెరిచిందీ అదే. తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పదో తరగతులకి తెరిచిన బడులు మార్చిలో మళ్ళీ మూతపడి, తిరిగి తెరిచేసరికి సెప్టెంబరు 1.

అయితే ఏది?

నాకైతే రెండోదే మేలు. 2021లో మనం చేసిన తీరులో మాత్రం కాదు. వారం రోజుల పాజిటివిటీ (పరీక్షల్లో వైరస్ ఉందని తేలినవాటి వాటా) 10 శాతం దాటినా, ఆక్సిజన్, ఐసీయూ పడకలు 60 శాతం నిండినా ఆ జిల్లాలో కట్టడి పెట్టమని 2021 ఏప్రిల్ చివర్లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. చక్కటి నియమం. ఆరు నెలల జోస్యం అక్కర్లేదు, ఇవాళ్టి పడకల లెక్క చాలు. కాకపోతే అది సలహాగానే మిగిలింది, వచ్చేసరికి చాలా జిల్లాలు ఆ గీత దాటిపోయాయి. అదే నియమం జనవరిలో, అందరికీ తెలిసేలా రాసి పెట్టుకుని ఉంటే ఎన్నికలున్నాయా లేవా, కోర్టు గద్దించిందా లేదా అన్నదాంతో పని ఉండేది కాదు. గీత దాటితే మూడు నాలుగు రోజుల గడువు, మూసిన రోజే కూలీ చేతికి డబ్బు, రెండు వారాలకోసారి సమీక్ష, సరిహద్దులో అంబులెన్సుకీ సరుకుకీ అడ్డులేని దారి. ఇవి ఉంటే జిల్లా కర్ఫ్యూ మీద నాకు పేచీ లేదు.

దేశమంతా లాక్‌డౌన్‌ని పూర్తిగా కొట్టిపారేయలేను. కొత్త వ్యాధి, పరీక్షలు లేవు, ఎవరిని చంపుతుందో తెలియదు అనుకున్నప్పుడు రెండు మూడు వారాలు, గడువిచ్చి మరీ, పెట్టొచ్చు. పిల్లల్ని ఎక్కువగా చంపే వైరస్ వస్తే బడుల గురించి నేను పైన అన్నది కూడా చెల్లదు. మోడల్ వేసేవాళ్ళని అడగాల్సింది ఒకటే: కొత్త అంచనా చెప్పే ప్రతిసారీ పోయిన నెల అంచనా ఎంత తప్పిందో పక్కనే చూపించండి. టీవీ చానళ్ళు ఎలాగూ అడగవు.

ఈ కొలతకి 2022 జనవరి, ఒమిక్రాన్ నెల, మంచి పరీక్ష. ఆంక్షలు పెంచకపోతే రోజుకు 600 నుంచి 6,000 దాకా మరణాలు ఉండొచ్చని బ్రిటన్‌లో సలహాదారుల కాగితాల్లో ఉంది. బోరిస్ జాన్సన్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా ఆసుపత్రుల అనుభవం కూడా చూసుకుని లాక్‌డౌన్ పెట్టలేదు. మరణాలు ఆ పరిధిలోని కింది అంకెకి కూడా చేరలేదు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ రాత్రి కర్ఫ్యూ ప్రకటించి, సంక్రాంతికి వచ్చిపోయేవాళ్ళకి ఇబ్బందని దాన్ని 18వ తేదీకి వాయిదా వేసింది. నవ్వొచ్చింది కానీ, రాత్రి 11 తర్వాతి కర్ఫ్యూతో ఒరిగేదేమీ లేదని తేల్చుకున్నాక దాని తేదీతో ఏం పని? తెలంగాణలో సినిమా హాళ్ళు తెరిచే ఉన్నాయి, సంక్రాంతి సెలవుల్ని మాత్రం 30వ తేదీ దాకా పొడిగించి బడులు మూసి ఉంచారు. ఆంధ్రప్రదేశ్ ఎన్ని విమర్శలొచ్చినా 17నే బడులు తెరిచింది. ఆ ఒక్క నెల మట్టుకు ఆంధ్రప్రదేశ్ చేసిందే మేలు.